తొలి కొలువు, తొలి కోటు

అనంతపురం సీమలో పట్టుచీర కొనుట ఒక విద్య. ఆ విద్యను తల్లి కూతురికి నేర్పును. కొట్టులో పరచిన తెల్లగుడ్డపై కూర్చుండి, మడత విప్పించి, అంచును రెండు వేళ్ల నడుమ నలిపి, కొంగును వెలుతురునకు పట్టి, చీరను తిరగవేసి వెనుకవైపు చూచి, అరచేతిలో దాని బరువును అంచనా వేసిన పిమ్మట గాని ఆ తల్లి వెల మాట ఎత్తదు. ధర్మవరపు మగ్గముల చప్పుడు వినుచు పెరిగిన ప్రాంతమునకు ఇది వింత నేర్పు కాదు. అయితే ఈ నేర్పునకు అందదనిపించు క్రొత్త కొనుగోలొకటి ఇక్కడి కుటుంబములలోనికి ప్రవేశించినది. అది కూతురి మొదటి ఉద్యోగమునకు, లేదా ఆ ఉద్యోగమునకై పోవు మౌఖిక పరీక్షకు, కావలసిన కోటు.

‘సూటు’ అన్న మాట వినినంతనే పల్లెలో స్ఫురించువాడు పెండ్లికుమారుడు. విందునాటి సాయంత్రము ఒకసారి తొడిగి, ఫొటో తీయించుకొని, పెట్టెలో దాచు ఉడుపు అది. తల్లి ఎన్నడూ కోటు తొడిగి యెరుగదు. అమ్మమ్మ మాట చెప్పనక్కరలేదు. కాబట్టి కూతురు కొట్టులో అద్దము ముందు నిలిచి, నల్లకోటు గుండీలు పెట్టుకొని, ‘‘అమ్మా, ఎట్లున్నది?’’ అని అడిగినపుడు ఆ తల్లికి వెంటనే సమాధానము దొరకదు. చీర విషయమున ఏనాడూ తడబడని నాలుక ఇక్కడ తడబడును. కొట్టువాడు ‘బాగున్నది’ అనును. వాడు అన్నిటినీ బాగున్నదనియే అనును.

ఈ తడబాటు చిన్న విషయము కాదు. అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వెనుక వానచాటున పడియున్న నేల. నైరుతి ఋతుపవనములు కనుమల ఆవల కురిసి ఇక్కడికి వట్టి గాలియై వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తీరముననే అలసిపోవును. ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ వానను నమ్మి, ఇక్కడివారు బుడ్డలని పిలుచుకొను వేరుశనగను విత్తుదురు. అదనులో ఒక్క వాన తప్పినచో సంవత్సరమంతయు తప్పును. అట్టి ఇంట కోటునకై వెచ్చించు సొమ్ము మరుసటి ఏటి విత్తనపు సొమ్ము కావచ్చును, పాడిపశువును అమ్మగా వచ్చినది కావచ్చును. అది వృథా పోరాదు. వృథా పోకుండుటకు కొనువారికి వస్తువు తెలియవలెను. తెలియని వస్తువును తెలియని అంగడిలో కొనవలసి వచ్చుటయే ఇక్కడి చిక్కు.

కోటు స్త్రీల వద్దకు నడచివచ్చిన దారి కొంత పొడుగైనది. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దములలో ఇంగ్లండునందు, గుఱ్ఱపు స్వారీకై పురుషుల దర్జీలు స్త్రీలకు కుట్టిన కోటు క్రమముగా వీథి దుస్తుగా మారెను. 1920లలో పారిస్ నగరమున కొకో షనెల్ మెత్తని అల్లిక బట్టతో, జేబులు గల కోటును కుట్టి, స్త్రీ సుఖముగా చేయి కదల్చుటకు వీలు కల్పించెను. 1966లో ఈవ్ సాన్ లారాన్ పురుషుల విందుకోటును స్త్రీలకు కుట్టించినపుడు పెద్ద చర్చయే నడచినది. 1977లో జాన్ మొల్లాయ్ అను అమెరికా రచయిత కార్యాలయమునకు పోవు స్త్రీ ఏమి ధరించవలెనో చెప్పు గ్రంథమును వెలువరించి, కోటు, దానికి జోడైన గౌను కలిసిన ఉడుపును సిఫారసు చేసెను. ఈ చరిత్ర అంతటిలో కనబడు సత్యమొక్కటే: పురుషుని అధికారమునకు చిహ్నమైన వస్త్రమును స్త్రీ తన ఒంటికి సరిచేసికొనుచు వచ్చినది.

మన దేశమున కథ వేరు. ఇక్కడి స్త్రీ కార్యాలయములోనికి చీరతోనే అడుగుపెట్టెను. ఆ చీరకట్టును సైతము బయటి ప్రపంచమునకు తగినట్లు దిద్దుకొనవలసి వచ్చినది. 1860లలో బొంబాయికి వెళ్లిన జ్ఞానదానందినీ దేవి రవికెను, లోపావడాను చేర్చి, నలుగురిలో తిరుగుటకు అనువైన కట్టును వంగదేశమునకు పరిచయము చేసెను. అనగా మనము సనాతనమనుకొను ఉద్యోగినుల చీరకట్టు కూడ ఒకనాటి క్రొత్త దుస్తే.

తెలుగునాట ఈ విషయమున మొదట తలచుకొనదగిన వ్యక్తి దుర్గాబాయి. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున జరిగిన ఖాదీ ప్రదర్శనమునకు ఆమె స్వచ్ఛంద సేవకురాలు. ఏండ్లు పదునాలుగు. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆమె ద్వారము వద్ద నిలిపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు కొనియిచ్చిన పిదపనే లోనికి విడిచెను. ఆ బాలిక ఒంటిపై అధికారపు గుర్తు ఏదియు లేదు. అప్పగించిన పని యెడల గల పట్టుదలయే ఆమెకు కోటైనది. ఆమెయే తరువాత న్యాయశాస్త్రము చదివి, 1942లో పట్టము పొంది, మద్రాసున న్యాయవాదిగా నిలిచెను. స్త్రీ యనుటచేతనే న్యాయవాద వృత్తికి అనర్హురాలు కాదని 1923 నాటి చట్టము తేల్చి అప్పటికి రెండు దశాబ్దములు కూడ నిండలేదు.

మరియొక తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. పదునెనిమిదవ ఏట, చేతిలో పసిబిడ్డతో వితంతువైన ఆమె, తండ్రి ప్రోద్బలముతో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1940ల తొలి భాగమున విద్యుత్తు ఇంజనీరై వెలికివచ్చెను. ఆ కళాశాల పట్టములలో ‘అతడు’ అనియే అచ్చుపడియుండెను. స్త్రీలు ఉత్తీర్ణులైనప్పుడు ఆ మాటను కొట్టివేసి ‘ఆమె’ అని వ్రాయవలసి వచ్చినది. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సమావేశమునకు ఆమె వెళ్లినది చీరతోనే. 1978లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టునకు తొలి మహిళా న్యాయమూర్తిగా కె. అమరేశ్వరి నియమితులైరి. వీరెవ్వరును దుస్తుల బలమున పైకి వచ్చినవారు కారు. కాని పురుషుని కొలతకు కత్తిరించిన ప్రపంచములో తమ కొలతను వ్రాయించినవారు. పట్టముపై ఆ కొట్టివేతవంటిదే నేటి యువతి కోటు భుజము వద్ద వేయించు క్రొత్త కుట్టు.

న్యాయవాది విషయమున కోటు ఇష్టానిష్టముల సంగతి కాదు, నియమము. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి ప్రకారము స్త్రీ న్యాయవాది నల్లని పొడుగుచేతుల కోటు గాని రవికె గాని, తెల్లని మెడపట్టీ, తెల్లని బ్యాండ్లు ధరించవలెను. చీర తెలుపో నలుపో, లేక బొమ్మలు లేని మెత్తని రంగుదో కావచ్చును. సల్వారు కుర్తాకును అనుమతి కలదు. సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప తక్కిన న్యాయస్థానములలో వేసవి కాలమున నల్లకోటు తప్పనిసరి కాదు. నలుబది డిగ్రీలు దాటు అనంతపురపు ఎండలో ఈ మినహాయింపు విలువ అక్కడి కోర్టు ఆవరణలో వేపచెట్టు క్రింద నిలిచినవారికే తెలియును.

తక్కిన ఉద్యోగములకు వ్రాతనియమము లేదు. అందువలననే కష్టము హెచ్చు. జిల్లాలో చదువునకు కొరత లేదు. 1916లో వెలసిన ప్రభుత్వ కళాశాల, 1946లో మొదలైన ఇంజనీరింగు కళాశాల, 1981లో ఏర్పడిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము ఎన్ని తరములకో చదువు చెప్పినవి. 1969లో విన్సెంట్ ఫెర్రర్, అన్నే ఫెర్రర్ దంపతులు నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పల్లెల పేద పిల్లలకు విదేశీ భాషలను సైతము నేర్పించి కొలువులకు సిద్ధము చేసినది. పెనుకొండ సమీపమున 2019లో కియా కార్ల ఉత్పత్తి ఆరంభమైనది; 2022లో జిల్లా విభజన జరిగి ఆ ప్రాంతము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. దక్షిణమున బెంగుళూరు కొన్ని గంటల ప్రయాణము. కార్ఖానా పనికి దుస్తులు కార్ఖానాయే యిచ్చును. బల్లముందు కూర్చుండి మాటలాడు ఉద్యోగమునకు మాత్రము దుస్తులు తానే యెంచుకొనవలెను. ఎంపికలోనే పరీక్ష మొదలగును.

ఇక్కడ ఒక విడ్డూరము కలదు. రాయదుర్గము జీన్సు ప్యాంట్ల కుట్టుపనికి పేరుపడినది. ఎవరెవరో తొడుగు ఉడుపులకు కాలర్లు, జేబులు, కాజాలు కుట్టు స్త్రీల చేతులు ఈ పీఠభూమిపై ఎన్నియో కలవు. తెచ్చిన కొలతకు కుట్టుటయే గాని తన కొలతకు కుట్టించుకొనుట ఆ చేతులకు అలవాటు లేదు.

అయినచో కోటును ఎట్లు చూడవలెను? మొదట భుజము. భుజపు కుట్టు భుజపుటెముక చివరనే ఆగవలెను. క్రిందికి జారినచో తొడిగినవారు అరువు తెచ్చుకొన్నట్లు కనబడుదురు. నడుము, చేతుల పొడుగు దర్జీ సరిచేయగలడు. భుజమును సరిచేయుట కష్టము, ఖర్చు. చేయి మణికట్టు వద్ద నిలువవలెను. గుండీలు పెట్టి కూర్చుండి చూడవలెను. రొమ్ము వద్ద గుండీల నడుమ సందు విచ్చినచో ఆ కోటు తగదు. రెండు చేతులు ముందునకు చాచి వీపు పట్టునేమో పరీక్షించవలెను. అద్దము ముందు నిలుచుట కొలువు కాదు. కూర్చుండుట, వ్రాయుట, బస్సు కమ్మీ పట్టుకొనుట కొలువు. జేబు వట్టి బొమ్మయో, నిజముగా చేయి పట్టునదో చూడవలెను. ఆడవారి ఉడుపులలో జేబులు తరచు బొమ్మలుగానే యుండును.

పిమ్మట బట్ట. ఊలు కలిసిన బట్టకు వ్రేలాడు తీరు బాగుండును. కాని అది నీటికి ఓర్వదు, పొడి ఉతుకు అంగడికి పోవలెను. పల్లెలో ఆ అంగడి లేదు. వట్టి పాలియెస్టరు కొద్దినీటితో శుభ్రపడి వెంటనే ఆరును; కాని చెమటను పీల్చక వేడిని లోననే బంధించును. నూలుబట్ట చల్లన, నలుగును, ఇస్త్రీ కోరును. నీరు కొలుచుకొని వాడుకొను ఇండ్లలో ఉతుకు మాట ఎంచకుండ బట్ట నెంచుట తగదు. అస్తరు వీపు పైభాగమునకే యున్న కోటు ఈ ఎండకు మేలు. నలుపుపై ఎఱ్ఱమట్టి ధూళియు, చెమట ఉప్పు చారయు ఇట్టే కనబడును. కోర్టునకు తప్ప ముదురు నీలమో బూడిద రంగో ఓర్పు గలవి. ఒక్క మంచి కోటు, దానిక్రింద మార్చి మార్చి తొడుగ రెండు మూడు నూలు కుర్తాలో నేతచీరలో ఉన్నచో సంవత్సరము గడచును. చీరపై కోటు అందగించదని యెవరైన అన్నచో మన న్యాయస్థానముల వంక చూపవచ్చును.

ఇంకొక ప్రశ్న మిగిలియున్నది. దానిని కొట్టువాడు తీర్చలేడు. ఆ కోటు తొడిగిన కూతురు తిరిగి ఇంటికి వచ్చునా, లేక కోటుతోపాటు మరియొకరగునా అని తల్లి మనసు శంకించును. కూతురికిని ఆ శంక కలదు. కనుకనే ఊరి బస్సు ఎక్కునపుడు కోటు మడచి సంచిలో పెట్టుకొని, పట్నములో దిగిన తరువాత తొడుగుకొనువారు కలరు. అది సిగ్గు కాదు. రెండు లోకముల మర్యాదలను ఒక్క శరీరము మోయుటలోని జాగ్రత్త. నాలుగుసార్లు జీతము ఇంటికి చేరిన పిదప ఆ కోటు ఊరిలోనే తొడుగబడును. అప్పుడు రచ్చబండ మీదివారు ఒకనాడు చూతురు, రెండవనాడు అడుగుదురు, మూడవనాడు తమ కూతురికి ఏ కొట్టులో కొనవలెనో విచారింతురు.

నిజమునకు తల్లి తాననుకొన్నంత తెలియనిది కాదు. అద్దము ముందు కూతురు నిలిచియుండగా, మాట తోచని ఆ తల్లి అలవాటుగా చేయి చాచి కోటు అంచును రెండు వేళ్ల నడుమ నలుపును. విడిచినపుడు బట్ట ముడుత విప్పుకొనునో లేదో చూచును. వెలుతురునకు పట్టి పడుగు పేకల ఒత్తు చూచును. చివరకు కోటు విప్పించి తిరగవేసి లోపలి కుట్టు చూచును. పైకి నిగనిగలాడు కోటునకు లోపల దారములు వ్రేలాడుచున్నచో, ‘‘ఇది వద్దు, ఇంకొకటి తియ్యమను’’ అనును. ధర్మవరపు చీరను ఎంచిన నేర్పే అది. కొట్టువాడు మారుమాటాడక మెట్లెక్కి పై అలమరలోని కోటు దించును.