అడుగునేలపై జీవించే చిరు సొర: బూడిదరంగు వెదురు సొర

ముమ్మిడివరం నుంచి కాట్రేనికోన, బలుసుతిప్ప, భైరవపాలెం వైపు సాగితే గౌతమి పాయలు సముద్రంలో కలిసే తీరం వస్తుంది. ఇక్కడ సొర అనగానే వలలు చించే పెద్ద చేప, లేదా బాలింతలకు వండిపెట్టే పాలసొర గుర్తుకు వస్తుంది. ఈ రెండింటికీ భిన్నమైన చిన్న సొర భారత తీరజలాలలో ఉంది. దాని శాస్త్రీయ నామం కైలోసిల్లియం గ్రిసియం. 1838లో ముల్లర్, హెన్లే అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దీనిని వర్ణించారు. ఆంగ్లంలో దీనిని గ్రే బాంబూ షార్క్ అంటారు కనుక ఇక్కడ వెదురు సొర అని వ్యవహరిస్తున్నాము. చేపలన్నిటిలో పెద్దదైన తిమింగల సొర కూడా ఈ క్రమానికే చెందడం విశేషం.

గుర్తింపు లక్షణాలు

పూర్తిగా ఎదిగినా దీని పొడవు 75 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. శరీరం సన్నగా, తోక పొడవుగా ఉంటాయి. వీపుపై ముళ్లు లేని రెండు రెక్కలు దాదాపు సమాన పరిమాణంలో ఉండి, బాగా వెనుకకు అమరి ఉంటాయి. నోరు కళ్లకు ముందుగా ఉంటుంది. ముక్కు రంధ్రాల వద్ద పొట్టి మీసాలు కనిపిస్తాయి. పిల్లల శరీరంపై ముదురు అడ్డపట్టీలు ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి మాసిపోయి బూడిద గోధుమ రంగు మిగులుతుంది.

జీవన విధానం

ఇది లోతు తక్కువైన జలాలలో, అడుగునేలను అంటిపెట్టుకొని జీవిస్తుంది. పగలు కదలక దాగి ఉండి, రాత్రివేళ ఆహారాన్ని వెతుకుతుంది. చిన్న చేపలు, రొయ్యలు, పీతలు, పురుగులు దీని ఆహారం. పళ్లు చిన్నవి, మనిషికి దీనివల్ల ప్రమాదం లేదు. కొన్ని సొరల వలె శ్వాస కోసం నిరంతరం ఈదనవసరం లేదు. కంటి వెనుకనున్న శ్వాసరంధ్రం ద్వారా నీటిని లోనికి తీసుకొని మొప్పలపైకి పంపుతుంది. తడి ఆరకుండా ఉంటే నీటి వెలుపల కూడా చాలాసేపు ప్రాణంతో ఉండగలదు.

ప్రత్యుత్పత్తి

పాలసొర పిల్లలను కంటుంది. వెదురు సొర గుడ్లు పెడుతుంది. సాధారణంగా విడతకు రెండు గుడ్లను అడుగునేలపై వదులుతుంది. ప్రతి గుడ్డుకూ తోలువంటి గట్టి సంచి ఉంటుంది. పిండం రెండు నెలలకు పైగా పచ్చసొనతోనే పెరిగి, సుమారు 12 సెంటీమీటర్ల పిల్లగా బయటకు వస్తుంది. ఒక్కసారికి వేల గుడ్లు పెట్టే ఎముక చేపలతో పోలిస్తే ఈ సంతానం అత్యల్పం. కాబట్టి తరిగిన సంఖ్య త్వరగా పుంజుకోదు.

ముప్పు

రొయ్యల కోసం అడుగునేలపై లాగే ట్రాలు వలలలో ఈ సొరలు, వాటి గుడ్ల సంచులు చిక్కుతాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని ముప్పు పొంచివున్న జాతుల జాబితాలో చేర్చింది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం కొంత ఉపశమనం ఇస్తుంది. అయితే నిషేధం ముగిశాక వలలో పడిన ప్రతి చేప విషయంలోనూ నిర్ణయం మత్స్యకారునిదే. దేశం 2015లో సొర రెక్కల ఎగుమతిని నిషేధించింది. కాని వెదురు సొరకు ముప్పు రెక్కల వ్యాపారం కన్నా వల వల్లనే అధికం.

విస్తరణ కార్యకర్తలు చేయదగినవి

- పై లక్షణాల ఆధారంగా వెదురు సొరను, పాలసొరను వేరుగా గుర్తించడం రేవుల వద్ద నేర్పాలి.
- వలలో ప్రాణంతో చిక్కిన వెదురు సొరను తడిగా ఉంచి, వెంటనే సముద్రంలో వదలమని చెప్పాలి. నీటి వెలుపల ఓర్చుకొనే గుణం వల్ల అది బతికే అవకాశం ఎక్కువ.
- గుడ్ల సంచులను చెత్తగా భావించి ఎండలో పారవేయకుండా తిరిగి నీటిలో విడిచిపెట్టమని సూచించాలి.
- రేవుకు వచ్చిన సొరల జాతి, పొడవు, లింగం, తేదీ నమోదు చేయడం విద్యార్థులకు మంచి క్షేత్రాభ్యాసం.

వల విప్పిన కొద్ది నిమిషాలలో చేయదగిన ఈ పనులకు అదనపు ఖర్చు లేదు. మార్కెట్టులో తక్కువ ధర పలికే చిరు సొరను వదిలివేయడం వల్ల మత్స్యకారునికి కలిగే నష్టం స్వల్పం. ఆలస్యంగా, కొద్దిగా సంతానం కనే జాతికి అది మిగిల్చే మేలు మాత్రం అధికం.