పాత గొర్రుకు కొత్త చట్రం!

జహీరాబాద్ వైపు ఎడ్లు లాగే గొర్రును ట్రాక్టరుకు తగిలిస్తామంటే కుదరదు. నొగ తీసేసి, ఇనుప చట్రం బిగించాలి. చిట్టి చిప్‌లకు ప్రోగ్రాములు రాసే కుర్రాళ్లదీ అదే తిప్పలు!

మోటారు పంపును నడిపే బుల్లి బోర్డు ఉందనుకోండి. దానికోసం మనం రాసిన ప్రోగ్రామును చిప్‌కి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. చాలామంది దాన్ని సొంతంగా కట్టుకోరు. పచారీ కొట్లో పిండి కొన్నట్టు, సిద్ధంగా ఉన్నదే నెట్ నుంచి దింపుకుంటారు. చిక్కంతా అక్కడే.

2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయినో బోర్డునే తీసుకోండి. 2019 అక్టోబరులో ఆపిల్ ‘క్యాటలినా’ విడుదలైంది. 32 బిట్ల ప్రోగ్రాములు అందులో నడవవు. అప్పట్లో ఆర్డుయినోతో వచ్చిన పనిముట్లలో కొన్ని 32 బిట్లవే. చిప్ మారలేదు, రాసిన ప్రోగ్రామూ మారలేదు... మధ్యలో పనిముట్టు మొరాయించింది! అదృష్టం ఏమిటంటే, దాని కంపైలర్ జీసీసీ. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన దీని మూలం ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. అందుకే 64 బిట్లకు మళ్లీ కట్టి ఇవ్వగలిగారు.

మూలం తాళం వేసి ఉంటే? మన ఇంజినీరింగ్ కాలేజీల్లో అందరికీ తెలిసిన టర్బో సీ, 64 బిట్ల విండోస్‌లో తెరుచుకోదు. విద్యార్థులు ‘డాస్‌బాక్స్’ అనే ఉత్తుత్తి పాత కంప్యూటరులో దాన్ని నడిపించుకున్నారు. బోర్డుకు వైరు తగిలించి ప్రోగ్రాము ఎక్కించే పనిముట్టుకు ఆ ఉపాయం అన్నిసార్లూ పనిచేయదు. అలాంటప్పుడు పాత విండోస్ ఉన్న కంప్యూటరును, నెట్ తగలకుండా, ఓ మూల భద్రంగా ఉంచుకోవాల్సిందే.