రజస్వల కాని పిల్ల

మనవాళ్లు మదరాసు వైపు స్థిరపడినా, బెంగుళూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా ఆడపిల్ల పెద్దమనిషైతే చిమ్మిలి దంచి, నలుగురినీ పేరంటానికి పిలవడం మానలేదు. అది ముచ్చటైన ఆచారమే. కాని పదహారేండ్లు దాటినా ఆ పేరంటం జరగని ఇండ్లు కూడా అక్కడక్కడ ఉంటాయి. అట్టి ఇంట తల్లి పడే దిగులు, ఇరుగుపొరుగులు వేసే ప్రశ్నలు, పిల్ల మనసులోని భయం పైకి రావు. అందుచేత ఈ నెల ఆ సంగతి కాస్త విప్పి చెప్పదలిచాము.

పదిహేనేండ్లు నిండినా ముట్టు రాకపోతే పిల్లను స్త్రీల డాక్టరుకు చూపించాలి. ఇందుకు కారణాలు అనేకం. నెలనెలా కడుపునొప్పి వస్తూ ముట్టు కనబడకపోతే రక్తం లోపలే నిలిచిపోతూ ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం పనికిరాదు. మేము ముఖ్యంగా చెప్పబోయేది మరొకటి. పిల్ల తల్లి కడుపులో ఉండగానే గర్భాశయమూ, యోనిలో చాలా భాగమూ ఏర్పడకుండా పోవడం. సుమారు 4,500 నుంచి 5,000 మంది ఆడశిశువులలో ఒకరికి ఇలా జరుగుతుంది. 1829లో మేయర్, 1838లో రోకిటాన్‌స్కీ, 1910లో కూస్టర్, 1961లో హౌసర్ అనే వైద్యులు దీనిని వర్ణించారు గనుక డాక్టర్లు ఈ స్థితిని ఆ నలుగురి పేర్లతో పిలుస్తారు.

ఇట్టి పిల్ల అన్నివిధాలా ఆడపిల్లే. అండాశయాలు సరిగానే పనిచేస్తాయి. ఎత్తూ, రొమ్ములూ తోటిపిల్లల మాదిరే ఎదుగుతాయి. రెండు ఎక్స్ క్రోమోజోములూ ఉంటాయి. అందువల్లనే పదిహేను పదహారేండ్ల దాకా ఎవరికీ అనుమానం రాదు. గ్రహణానికి గాని, శాపానికి గాని, తల్లి తిన్న తిండికి గాని దీనితో సంబంధం లేదు. కొందరిలో ఒక మూత్రపిండం లేకపోవడమో, స్థానం తప్పి ఉండడమో, వెన్నెముకలో తేడా ఉండడమో కలదు గనుక స్కాను తీసి అవి కూడా చూస్తారు.

ఇక చికిత్స. మొదటిది కోతలేనిది. 1938లో ఫ్రాంక్ అనే డాక్టరు చెప్పిన పద్ధతి ఇది. యోని ఉండవలసిన చోట చిన్న గుంట ఉంటుంది. డైలేటరు అనే నున్నని గొట్టంతో రోజూ కాసేపు అక్కడ మెల్లగా ఒత్తుతూ, కొన్ని నెలలలో ఆ గుంటను లోతు చేస్తారు. తెలిసిన నర్సు దగ్గరుండి నేర్పితే పదిమందిలో తొమ్మిదిమందికి ఇదే చాలునని అనుభవం. అందుకే ముందుగా దీనినే ప్రయత్నించమని నేటి నిపుణులు చెబుతున్నారు.

ఇది కుదరనివారికీ, వద్దనేవారికీ ఆపరేషన్ ఉన్నది. పూర్వం తొడచర్మం తీసి లోపల అతికేవారు. తొడమీద మచ్చ మిగిలేది. ఇప్పుడు పొట్టమీద చిన్న రంధ్రాలు చేసి, ల్యాపరోస్కోపుతో లోపల చూస్తూ పని ముగిస్తారు. 1965లో ఇటలీ డాక్టరు వెక్కియెట్టి ప్రకటించిన పద్ధతిలో ఉసిరికాయంత నున్నని పూసను ఆ గుంటలో ఉంచి, దానికి కట్టిన దారాలను పొట్టమీది చిన్న యంత్రానికి తగిలిస్తారు. రోజుకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున బిగిస్తే వారంరోజులలో కావలసిన లోతు వస్తుంది. డేవిడోవ్ అనే రష్యన్ డాక్టరు పద్ధతిలో పొట్టలోపలి పలుచని పొరనే కిందికి లాగి యోనికి గోడగా కుడతారు. వీటిలో గాయం చిన్నది, మచ్చ చిన్నది, కోలుకోవడమూ త్వరగానే. అయినా మూత్రాశయానికీ మలాశయానికీ నడుమ చేసే పని గనుక చేయితిరిగిన డాక్టరు చేతనే చేయించుకోవాలి. ఆపరేషన్ అయిన తరువాత కూడా డైలేటరు వాడకపోతే దారి మళ్లీ ఇరుకవుతుంది.

ఇంకొకటి స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ ఆపరేషన్ దాంపత్యసుఖానికి మార్గం చేస్తుందే గాని ముట్టు తెప్పించదు, గర్భాశయాన్ని ఇవ్వదు. బిడ్డల ఆశ మాత్రం పూర్తిగా పోలేదు. అండాలు తనవే గనుక మరొక స్త్రీ గర్భాన బిడ్డను పెంచే అవకాశం ఉన్నది. గర్భాశయం లేని భార్య గల దంపతులకు 2021 నాటి సరోగసీ చట్టం నిబంధనలకు లోబడి దీనిని అనుమతిస్తున్నది. స్వీడన్‌లో 2014లో, ఇలాగే గర్భాశయం లేకుండా పుట్టిన ఒక స్త్రీ, మరొకరు దానమిచ్చిన గర్భాశయంతో బిడ్డను కన్నది. మన దేశంలో ఇట్టి మార్పిడి మొదట 2017లో పూనాలో జరిగింది. 2018లో అక్కడ ఒక గర్భాశయగ్రహీతకు ఆడబిడ్డ పుట్టింది. అయితే అది పెద్ద ఆపరేషన్, అందరికీ అందేది కాదు. దత్తత మార్గం మనకు ఎప్పుడూ తెలిసినదే.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పెండ్లి ముహూర్తం చూసుకుని ఆపరేషన్‌కు తొందరపడకండి. ఇది ప్రాణంమీదికి వచ్చే జబ్బు కాదు. ఆగితే నష్టం లేదు. రోజూ డైలేటరు వాడవలసింది పిల్ల గనుక ఏ పద్ధతి, ఎప్పుడు, అసలు కావాలా అనేది పెరిగి తెలివి వచ్చిన పిల్లే నిర్ణయించుకోవాలి. ఆమెకు చెప్పకుండా డాక్టరుతో చాటుగా మాట్లాడుకోవడం తగదు. పెండ్లి మాటలు వస్తే పిల్ల సమ్మతితో వరుడికి ముందే చెప్పండి. దాచి చేసిన పెండ్లిలో ఆ నిజం తరువాత బయటపడితే, ఆ భారమంతా మోసేది మన పిల్లే.