కొత్త గదులు వేసేముందు

మన ఊళ్లలో సొసైటీలు నడిపే బడులు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. బజారు వైపు కింద నాలుగు షట్టర్లు, వాటి మీద బడి. షట్టర్ల అద్దెతోనే ఇద్దరు ముగ్గురు టీచర్ల జీతాలు గడుస్తాయి కాబట్టి దీన్ని తేలిగ్గా తప్పుపట్టలేం. నేను పనిచేసిన బడి కూడా అలాంటిదే. అక్కడ ఒక అమ్మాయి చదివేది. పుట్టుక నుంచే ఆమె కాళ్లలో సత్తువ లేదు. ఆరో తరగతి దాకా తండ్రే రోజూ ఎత్తుకుని 18 మెట్లు ఎక్కి, బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లేవాడు. ఏడో తరగతి మొదలైన కొన్నాళ్లకు ఆయన నా గదికి వచ్చి, "పిల్ల పెద్దదైంది సార్. బజారులో అందరి ముందూ ఎత్తుకు రావడం తనకీ సిగ్గుగా ఉంది, నాకూ నడుము ఆగడం లేదు" అన్నాడు. టీసీ రాసిచ్చింది నేనే. చదువులో వెనకబడి మానేసిన పిల్ల కాదు ఆమె. కింద ఒక్క గది ఉంటే సరిపోయేది.

ఇప్పుడు మన సొసైటీ కొత్త గదులు వేయాలనుకుంటోంది. దాతలు ముందుకు వచ్చారు, ప్లాను ఇంకా కాగితం మీదే ఉంది. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఇదే సమయం. స్లాబు పడ్డాక ఎన్ని చెప్పుకున్నా సర్దుబాట్లే మిగులుతాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. బడి భవనంలో అడ్డంకులు లేని దారి ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే షెడ్యూలులో చెప్పింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచి, ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు కూడా సహిత విద్యలోకి రావాలంది. అంటే చక్రాల కుర్చీలో వచ్చే పిల్ల ఒక్కతే కాదు, చూపు తక్కువైన పిల్లవాడు, సరిగా వినపడని పిల్లవాడు, చదవడం, రాయడం కష్టంగా ఉండే పిల్లవాడు, ఆటిజం ఉన్న పిల్లవాడు, అందరూ ఒకే గదిలో చదవాలి.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది బేస్‌మెంట్ ఎత్తు. ర్యాంపుకు అందరూ ఒప్పుకునే కొలత ఒక అంగుళం ఎత్తుకు ఒక అడుగు పొడవు. బేస్‌మెంట్ 2 అడుగులు లేపితే 24 అడుగుల ర్యాంపు కావాలి, ఒకటిన్నర అడుగుతో ఆపితే 18 అడుగులు చాలు. వాన నీరు గదిలోకి రాదన్న భరోసా ఉన్నచోట ఆ అర అడుగు తగ్గించుకోవడంలో నష్టం లేదు. ఇది ముందు లెక్క వేసుకోకపోవడం వల్లనే చాలా బడుల్లో ర్యాంపు జారుడుబల్లలా నిట్టనిలువుగా ఉంటుంది. ఫొటోకు పనికొస్తుంది, కుర్చీ మాత్రం ఎక్కదు. ర్యాంపు వెడల్పు 4 అడుగులకు తగ్గకూడదు. పైన నున్నటి గ్రానైటు పరచవద్దు, తడిస్తే మామూలు పిల్లలే జారిపడతారు. గరుకు సిమెంటు చాలు. రెండు పక్కలా పట్టుకోవడానికి పైపులు ఉండాలి.

తలుపు తెరిస్తే 3 అడుగుల ఖాళీ రావాలి. మేస్త్రీలకు అలవాటు కొద్దీ గడప పెట్టేస్తారు, వద్దని ముందే చెప్పాలి. గదిలో ఒకచోట, మరుగుదొడ్డిలో ఒకచోట కుర్చీ చుట్టూ తిరగడానికి 5 అడుగుల జాగా వదలాలి. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పిల్ల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును తోయడానికి కూడా వీలుండదు. చాలామంది ఆడపిల్లలు బడిలో దొడ్డికి వెళ్లలేక ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారన్న సంగతి తల్లులకు తెలుసు, కమిటీల్లో కూర్చునే మగవాళ్లకు ఎవరూ చెప్పరు. నడవలేని పిల్లకు ఆ ఇబ్బంది రెట్టింపు.

ఇక గది లోపలి సంగతి. దారి వేసి పిల్లను లోపలికి తెచ్చాక చివరి బెంచీలో కూర్చోబెడితే ఏం లాభం? మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ సంస్థ చుట్టుపక్కల పల్లెల్లో నడిపే చిన్న బడుల్లో ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు కలిసి చదువుతారు. బెంచీల వరుసలు ఉండవు. పిల్లలు కార్డుల ప్రకారం ఎవరి మెట్టు వారు ఎక్కుతూ, గుంపులుగా కూర్చుంటారు. ఒక గుంపుకు టీచరు పూర్తిగా చెబుతారు, ఇంకో గుంపుకు కాస్త సాయం చాలు, మరో గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, ఇంకొందరు సొంతంగా చేసుకుంటారు. ఇదే దారిలో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలైన పద్ధతి తర్వాత తమిళనాడు అంతటా ప్రాథమిక బడుల్లోకి వెళ్లింది. అక్కడ గోడల అడుగున పిల్లల చేతికి అందే ఎత్తులో నల్లబల్ల ఉంటుంది, ఎవరి భాగంలో వారు రాసుకుంటారు. కింద కూర్చున్న పిల్లకూ, కుర్చీలో ఉన్న పిల్లకూ ఆ బల్ల సమానంగా అందుతుంది. దీనికి అయ్యే ఖర్చు రంగు డబ్బాలది మాత్రమే.

కాబట్టి ముగ్గురు కూర్చునే బరువైన ఇనుప బెంచీలు కొనే ముందు ఆగండి. ఇద్దరు పిల్లలు పట్టుకుని జరపగల తేలిక బల్లలు, కొన్ని చాపలు ఉంటే అదే గది ఉదయం పాఠానికి, మధ్యాహ్నం గుంపు పనికి, సాయంత్రం ట్యూషన్‌కు పనికొస్తుంది. ఉర్దూ మీడియం, తెలుగు మీడియం పిల్లలు ఒకే గది పంచుకునే మన బడుల్లో ఈ సౌకర్యం విలువ వేరే చెప్పక్కర్లేదు.

చిన్నవిగా కనిపించేవి ఇంకొన్ని. టీచరు కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నీడలో పడుతుంది, పెదవులు చూసి అర్థం చేసుకునే పిల్లకు పాఠం పోయినట్టే. అందుకే నల్లబల్ల కిటికీల గోడకు పెట్టవద్దు. దానికి మెరిసే రంగు కూడా వద్దు. రేకుల కప్పు మీద వాన పడితే ఎవరికీ ఏమీ వినపడదు. మెట్ల అంచులకు పసుపు పట్టీ వేస్తే చూపు తక్కువైన వారికి తెలుస్తుంది. గోల భరించలేని పిల్లవాడు కాసేపు కూర్చోవడానికి ఒక మూల, అర చెక్క అడ్డం చాలు.

ప్లాను ఖాయం చేసేముందు మండలంలోని భవిత కేంద్రంలో పనిచేసే రిసోర్స్ పర్సన్‌ను ఒక పూట పిలిచి చూపించాలని నా విన్నపం. ఇంజనీరు గారికి తట్టనివి వారికి తడతాయి. అలాంటి పిల్లల తల్లి ఒకరిని కూడా కూర్చోబెడితే మరీ మంచిది.

చివరికి షట్టర్ల విషయం. కొత్త ప్లానులోనూ కింద నాలుగు షట్టర్లే గీశారు. వాటిలో మెట్ల పక్కనున్న దాన్ని తరగతి గదిగా మార్చాలని కమిటీకి రాసిచ్చాను. ఒక అద్దె తగ్గుతుంది, నిజమే. ఆ ఏడాది ఏ తరగతిలో నడవలేని పిల్ల ఉంటే ఆ తరగతి మొత్తం కిందికి దిగుతుంది.