దేహము మఱవని బరువు

రాత్రి అన్నము మాని రెండు పుల్కాలతో సరిపెట్టుకొని, ఏకాదశులకు తోడు శనివారములును ఉపవసించి, నెలలు గడచినను త్రాసు ముల్లు కదలకుండుట చూచి కంటతడి పెట్టువారు మన యిండ్లలోనే కలరు. “చాటుగా తినుచుండును” అని అయినవారే యనుచుందురు. ఆ మాట అన్యాయము.

మితాహారము మొదలైనంతనే దేహము కరవు వచ్చినదని తలచి, ముందుచూపుగల గృహిణివలె వ్యయము తగ్గించును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఏన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులగు యువకులకు 24 వారములు అరకడుపు భోజనము పెట్టి పరీక్షింపగా, వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. విశ్రాంతివేళ దేహము వెచ్చించు శక్తియో, దాదాపు నూటికి 40 వంతులు పడిపోయెను. స్థూలకాయులయందును ఇట్టిదే జరుగును. ఒక టెలివిజన్ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆఱేండ్ల తరువాత కెవిన్ హాల్ బృందము పరిశీలించి, 2016లో ఫలితములను ప్రకటించెను: వారిలో సగటున 41 కిలోలు మరల చేరినవి; అయినను వారి దేహములు, అంతటి కాయమునకు ఉండవలసిన వ్యయముకంటె రోజునకు సుమారు 500 కేలరీలు తక్కువగా ఖర్చు పెట్టుచుండెను. అది ఒక పూట భోజనము!

ఆకలియు ఇందుకు తోడగును. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్న లెప్టిన్ అను హార్మోను క్రొవ్వు కణములనుండి పుట్టి, నిలువ చాలునని మెదడునకు తెలుపును. క్రొవ్వు కరగినకొలది ఆ వార్త సన్నగిలి, ఆకలి పెరుగును. దీనిని మనోదౌర్బల్యమనుట తగదు.

థైరాయిడ్ మాంద్యము, స్త్రీలలో అండాశయమునకు సంబంధించిన పీసీఓఎస్, నిద్రలేమి, దీర్ఘకాలము వాడు స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసికవ్యాధుల మందులు కూడ బరువు తగ్గనీయవు.

అయితే మఱియొక సత్యమును దాచరాదు. ఎంత తక్కువ తిన్నను తగ్గుట లేదనువారిని అమెరికాలో పరీక్షింపగా, వారు తిన్నదానిలో సుమారు సగము వారి లెక్కకే రాలేదని 1992లో తేలినది. అది అబద్ధమాడుట గాదు. అన్నములో పడిన చెంచాడు నెయ్యి, నాలుగు కప్పుల టీలోని పంచదార, బిడ్డ విడిచిన కంచములోని ముద్ద ఎవరికి జ్ఞాపకముండును?

కావున బరువు తగ్గనివారు మఱింత పస్తుండుటకు ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకొని, వాడుచున్న మందుల చీటీని వైద్యునకు చూపవలెను. తమంతట తాము ఏ మందును మానరాదు. ఇంటివారు వారి కంచములోని ముద్దలను లెక్కించుట మానుదురుగాక.