ముహూర్తం ఆగదు.. కెమెరా మొరాయిస్తే?

తొండేభావి: గట్టిమేళం మోగింది. తాళి కట్టే వేళ.. లక్షలు పోసి కొన్న కెమెరా మొరాయిస్తే? గౌరిబిదనూరు తాలూకా తొండేభావి వంటి ఊళ్ల ఫొటోగ్రాఫర్లకు పెళ్లిళ్ల సీజన్‌లో ఇదే గుబులు.

ఎంత ఖరీదైనా షట్టర్‌కు ఆయుష్షుంటుంది. 2012లో వచ్చిన కెనాన్ 5డి మార్క్-3 షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు, 2017 నాటి నికాన్ డి850 షట్టర్‌ను 2 లక్షలకు పరీక్షించారు. పెళ్లికి 3 వేల ఫొటోలు తీస్తే 50 పెళ్లిళ్లకే లక్షన్నర! ఆపై ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. షట్టర్ మార్పిస్తే కెమెరా మళ్లీ పనిచేస్తుంది గానీ, అందుకు బెంగళూరు రైలెక్కాల్సిందే. విదేశాల నుంచి తెప్పించిన కెమెరాకైతే ఇక్కడ వారంటీ దక్కకపోవచ్చు.

సీజన్‌కు ముందే క్లిక్కుల లెక్క చూసుకోవాలి. సంచిలో రెండో కెమెరా ఉంటే పెళ్లివారి ముందు తలదించుకోనక్కర్లేదు.