దాచేపల్లి దారిని నిట్టనిలువుగా నిలబెడితే

దాచేపల్లిలో మిర్చి టిక్కీలు ఎక్కించుకున్న లారీకి గుంటూరు యార్డు 80 కిలోమీటర్ల పైమాటే. ఆ దారిని నిట్టనిలువుగా నిలబెడితే, 80 కిలోమీటర్ల దగ్గరే గీత గీసిన అమెరికా లెక్కలో దాని కొస అంతరిక్షాన్ని తాకినట్టే. రికార్డులు నమోదు చేసే అంతర్జాతీయ వైమానిక సమాఖ్య మాత్రం 100 కిలోమీటర్ల దగ్గర గీత గీసింది. కార్మన్ రేఖ అంటే అదే.

చీరాలలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన బండ్ల శిరీష 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వారి ‘యూనిటీ’ నౌకలో 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లారు. అది ఈ రెండు గీతలకూ మధ్య. అది అంతరిక్షయానమేనా అన్న వాదన అప్పట్లో నడిచింది. నాకు మాత్రం ఆమె అక్కడ చేసిన పనే ముఖ్యం. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలున్న గొట్టాలను ఆమె వెంట తీసుకెళ్లారు. రాకెట్ మండకముందు ఒకసారి, బరువు తెలియని స్థితిలోకి వెళ్లాక ఒకసారి, బరువు తిరిగొచ్చాక ఒకసారి గొట్టాల మీటలు నొక్కారు. నొక్కగానే ద్రవం మొక్కను ముంచెత్తి, ఆ క్షణాన ఏ జన్యువులు పనిచేస్తున్నాయో ఆ స్థితిని అలాగే పట్టి ఉంచుతుంది. ఇది ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి ప్రయోగం. బరువు పోయిన తొలి నిమిషాల్లో మొక్కకు ఏమవుతుందో చూడాలంటే ఇలాంటి చిన్న ప్రయాణమే అనువైనది.

బరువు పోయిందంటే భూమి ఆకర్షణ పోయిందని కాదు. 86 కిలోమీటర్ల ఎత్తులో అది తగ్గేది 3 శాతం లోపే. నౌకా, మనిషీ ఒకే తీరున పడుతుంటారు కాబట్టి పాదానికి నేల తగలదు. అదీ కొద్ది నిమిషాలే. 2024 మే 19న ‘న్యూ షెపర్డ్’ రాకెట్‌లో 100 కిలోమీటర్ల గీత దాటిన విజయవాడ బిడ్డ తోటకూర గోపీచంద్‌కూ దక్కింది అంతే. ఆయనతోపాటు వెళ్లిన ఎడ్ డ్వైట్ వయసు 90. వ్యోమగామి శిక్షణ పొంది కూడా 1960లలో నాసా ఎంపికకు నోచుకోని ఆ నల్లజాతి పైలట్, అంతరిక్షానికి వెళ్లినవారందరిలో పెద్దవాడిగా ఆ రోజు రికార్డుకెక్కారు.

పైనే ఉండిపోవాలంటే ఎత్తు ఒక్కటే చాలదు. గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో పక్కకు దూసుకుపోవాలి. అప్పుడు నౌక ఎంత పడుతున్నా, భూమి వంపు కూడా అంతే కిందికి జారుతుంటుంది. యూనిటీ వేగం ధ్వనికి 3 రెట్లు. కక్ష్యలో ఉండాలంటే దానికి దాదాపు 8 రెట్లు, అంటే కిలోకు 64 రెట్ల శక్తి కావాలి. 1961లో గగారిన్ చేసిన 108 నిమిషాల ప్రయాణం గొప్పతనం అక్కడుంది. తండ్రి తెలంగాణవారైన రాజాచారి 2021 నవంబరులో క్రూ-3 యాత్ర కమాండర్‌గా వెళ్లి, ఆ వేగంతోనే 177 రోజులు తిరిగారు. గగన్‌యాన్ వ్యోమగాములకు ఆ వేగాన్ని ఇవ్వాల్సిన ఎల్‌వీఎం3 రాకెట్ లేచేది మన శ్రీహరికోట నుంచే.